మోటారు ఆగేదాకా

మా వంటింటి బల్ల దగ్గర్నుంచి,
ఎండలు ముదిరాక

ఓసి ప్రొఫెసరమ్మా,

ఫోన్ ఉండగా ఉత్తరమేంటి, వదినకి మతి పోయిందా అని నువ్వు అనుకునేలోపు చెప్పేస్తున్నాను. ఫోన్ చేస్తే మీ అన్నయ్య పక్కన చేరి "స్పీకర్ పెట్టు, మా చెల్లితో నేనూ మాట్లాడతా" అంటాడు. ఇది వాడి చెవిన పడకూడని సంగతి. ఉత్తరమైతే భయం లేదు. ఒకరి కవరు ఇంకొకరు విప్పరాదని అసోసియేషన్ నియమం. ఆ నియమం రాసింది తనే కాబట్టి చచ్చినా ముట్టుకోడు.

మన "పాచిపళ్ళు" పంక్ బ్యాండులో నువ్వు గొంతు చించుకుంటుంటే పక్కన ఆకుపచ్చ జుట్టుతో బేస్ గిటారు వాయించినవాడే కదా ఈ మనిషి! ఇప్పుడు మా అపార్ట్‌మెంట్లకి ప్రెసిడెంటు గారు. రోజుకో నోటీసు. మెట్ల మీద చెప్పులు విడవరాదు. బాల్కనీలో తడిబట్టలు దులపరాదు. చదివి నాకు నవ్వు రావడం మానేసి చాలా కాలమైంది, అదీ నా బాధ.

అసలు సంగతికి వస్తా. నా కుడి భుజం పట్టేసింది. దువ్వెన చెవి దాకా కూడా పోదు. ఈమధ్య నాకు జడ వేసేది మీ అన్నయ్యే. పాపం శ్రద్ధగానే వేస్తాడు, కానీ అద్దంలో చూసుకుంటే ఇంటర్నెట్ కేబుల్ చుట్టి మెడ మీద పడేసినట్టుంటుంది.

భుజం కోసం పక్క బ్లాకులో ఉండే ఫిజియో దగ్గరికి వెళ్తున్నా. ముప్పై దాటినవాడు, నోట్లో నాలుక లేని మనిషి. రోజంతా "మెల్లగా అమ్మా, మెల్లగా" అనడమే వాడి ఉద్యోగం. మొన్న నా చెయ్యి పైకెత్తుతూ ఇంకో చేత్తో బల్ల మీద ఏదో దరువేస్తున్నాడు. నేను ఊరుకోలేక "ఏయ్, మూడో దెబ్బ జారిపోతోంది" అన్నాను. వాడు నా చెయ్యి గాల్లోనే వదిలేశాడు. నొప్పికి నాకు చుక్కలు కనపడ్డాయి.

"మీకు డ్రమ్స్ వాయించడం వచ్చా?" అన్నాడు.

"రాదు. అందుకే పదేళ్ళు వాయించాను" అన్నాను.

ఆ సాయంత్రమే నన్ను సెల్లారులో పంపు గదికి తీసుకెళ్ళాడు. అక్కడ మా లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు ఉంది, మోచేతుల దాకా గ్రీజు, మెళ్ళో గిటారు. అందరూ ఆమెని లిఫ్టమ్మ అంటారు. వాళ్ళిద్దరిదీ ఒక బ్యాండట, డ్రమ్మరేమో వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడట. రెండు పెయింటు డబ్బాలు, టేపు అతికించిన ఒక నిజమైన డ్రమ్ము, లిఫ్టు తలుపులోంచి ఊడదీసిన రేకు ఒకటి. కూర్చున్నాను. భుజం లేవలేదే. మోచేతితోనే బాదాను. తప్పులే తప్పులు. లిఫ్టమ్మ మొహం చేటంత చేసుకుని "రేపు కూడా రండి" అంది.

అన్నయ్యకి చెప్పావో, నీ మొహం చూడను.

నీ వదిన


స్టాఫ్ రూమ్, ఫ్యాను గాలి తగలని నా కుర్చీ నుంచి,
పరీక్షల ముందు

వదినా,

నవ్వలేక చచ్చాను. పక్క కుర్చీ లెక్కల మాస్టారు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

చూడు తల్లీ, పంక్ పోయింది, లోకం మీద తిరగబడి గోల చేసే ఆ పాట ఎప్పుడో పోయింది. నాకంటే బాగా ఎవరికి తెలుసు? అది పోయిందని పాఠం చెప్పి జీతం తీసుకుంటున్నదాన్ని. చలికాలం మొదట్లో మా కాలేజీలో పెద్ద సభ ఉంది, నా ప్రసంగం పేరు "పంక్ ఎందుకు చచ్చిపోయింది". స్లైడ్లు కూడా తయారు. ఇప్పుడు నువ్వొచ్చి ఆ శవం మా సెల్లారులో కూర్చుని టీ తాగుతోందంటే నేనేమైపోవాలి?

రుజువులు కావాలా? మా పిల్లలు మోకాళ్ళ దగ్గర చిరిగిన ప్యాంట్లు వేసుకొస్తారు. చింపింది వాళ్ళు కాదు, షాపువాడు. చిరుగు పెద్దదైతే వాపసు ఇచ్చి ఇంకోటి తెచ్చుకుంటారు. మన పాటలు వినిపిస్తే "మేడమ్, ఇది పరీక్షకి వస్తుందా?" అని అడుగుతారు. స్టేజి మీద వేసుకున్న నా పిన్నులు గుచ్చిన తోలు జాకెట్టుని మా లైబ్రరీ గాజు పెట్టెలో పెట్టారు. కింద చీటీ మీద నా పేరు, పుట్టిన సంవత్సరం, ఒక గీత. గీత తర్వాత ఖాళీ. లైబ్రేరియన్ నన్ను చూసినప్పుడల్లా ఓసారి ఆ ఖాళీ వైపు చూస్తాడు.

అయినా మీరు దేని మీద తిరగబడుతున్నారే? లిఫ్టుంది, నీళ్ళున్నాయి, జడ వేసే మొగుడున్నాడు. నువ్వు చేసేది పంక్ కాదు, భుజానికి వైద్యం. హాయిగా చేయించుకో, పేరు మాత్రం పాడుచెయ్యకు.

అన్నయ్యకి చెప్పను. నాకేం పని?

ఆ లిఫ్టమ్మ గిటారు బొంగురుగా ఉంటుందా, కీచుగానా? ఊరికే అడిగాను.

నీ ఆడపడుచు


సెల్లారు మెట్ల మీద కూర్చుని,
తొలివానలకి

శవపరీక్షల డాక్టరమ్మా,

బొంగురుగానే ఉంటుంది. ఊరికే చెప్పాను.

మేం దేని మీద తిరగబడుతున్నామని కదూ అడిగావు? విను. మా పంపు గదిలో నీళ్ళ మోటారు ఉంది, తిరిగిందంటే సెల్లారంతా అదిరిపోతుంది. ఆ రొదలో మా రొద ఎవరికీ వినపడదు. కాబట్టి రోజూ సాయంత్రం మోటారు వేస్తాం, వాయిస్తాం, పైన ట్యాంకు నిండగానే ఆపేస్తాం. మా మోటారుకి తనంతట తాను ఆగే తెలివి లేదు, లిఫ్టమ్మే చూసుకుని స్విచ్ కట్టాలి. జనం స్నానాలు ఎక్కువ చేసిన రోజు మా పాట పొడుగ్గా ఉంటుంది. ఎవరూ స్నానం చెయ్యని చలిరోజున రెండు చరణాలకే సరి.

ఇంక మాటలంటావా, నోటీసు బోర్డు ఉండగా కవులెందుకు? మీ అన్నయ్య రాసిందల్లా ఫిజియో నోట్లో పాటైపోతోంది. పగలంతా "మెల్లగా, మెల్లగా" అన్న ఆ గొంతు కింద ఇంత మంట ఉందని ఎవరికి తెలుసే!

చెప్పులు విడవరాదు!
తడిబట్టలు దులపరాదు!
లిఫ్టులో నవ్వరాదు!

చివరిది మేం కలిపింది. మీ అన్నయ్యకి ఇంకా తట్టలేదు.

ఇప్పుడు చెడ్డ కబురు. పోయినవారం పాట మంచి ఊపులో ఉంది. నా భుజం లేచింది! చెవి దాటి, తల దాటి పైకి లేచి ఆ రేకు మీద పడింది. ట్యాంకు నిండిందని లిఫ్టమ్మకి తెలుసు, చెయ్యి స్విచ్ మీదే ఉంది. నా మొహం చూసి ఆపలేకపోయిందట. పాట అయ్యేసరికి డాబా మీంచి నీళ్ళు జలపాతమై, పై అంతస్తు లాయరు గారి బాల్కనీలో ఆరేసిన పరుపు మీద పడ్డాయి. ఆయన తడిసిన పరుపుని నెత్తిన పెట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. నేనే తలుపు తీశాను.

మీ అన్నయ్య దర్యాప్తు మొదలుపెట్టాడు. అన్నం తినే బల్ల మీద సెల్లారు బొమ్మ గీసి, బాణాలు పెట్టి, మోటారు ఎవరు వదిలేస్తున్నారో ఆలోచిస్తున్నాడు. "సాయంత్రాలు నువ్వు కిందే నడుస్తావు కదా, ఎవరైనా కనిపించారా?" అని అడిగాడు. అడుగుతూ నాకు జడ వేస్తున్నాడు. నేను వేసుకోగలిగినా ఇంకా చెయ్యి లేవనట్టే నటిస్తున్నాను మరి. "ఎవరూ లేరు" అన్నాను. పెళ్ళయ్యాక వాడికి నేను చెప్పిన మొదటి అబద్ధం కాదనుకో, కానీ ఇదొక్కటే గుచ్చుకుంది.

వచ్చే మీటింగులో ఆ గదికి కొత్త తాళం వేస్తారట. నవ్వులాట పక్కన పెట్టి చెప్తున్నా. ఇంట్లో నేను ఎవరికో ఒకరికి ఏదో ఒకటి అవుతాను. ఆ గదిలో మాత్రం నేను నేనే. అది పోతే ఈ చెయ్యి మళ్ళీ పడిపోతుంది, చేతితో పాటు నేనూ. నాకు నిజంగా భయంగా ఉందే.

వదిన


కాలేజీ గేటు బయట టీ బడ్డీ నుంచి,
వెంటనే

వదినా,

నువ్వు భయమన్న మాట నేను ఇంతకుముందు వినలేదు. మనల్ని స్టేజి మీంచి కుర్చీలు విసిరి దింపినప్పుడు కూడా నువ్వు ఆ కుర్చీ తీసుకుని దాని మీదే వాయించావు.

ఏడవకు. ఎవరూ ఏ తాళమూ వెయ్యరు. నాకు వదిలెయ్.

నీ ఆడపడుచు


వంటింటి బల్ల,
వానలు తగ్గాక

ఏమే,

నీకు వదిలేస్తే ఇదా నువ్వు చేసింది?

మీటింగు రోజు తాళం మాట ఎత్తుతాడని నేను గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంటే, మీ అన్నయ్య లేచి నిలబడి గొంతు సవరించుకుని, "మన సముదాయంలో ప్రతిభావంతులైన కళాకారులు చీకటి గదిలో ఇబ్బంది పడుతున్నారని నా దృష్టికి వచ్చింది" అన్నాడు. ఎవరు తెచ్చారు వాడి దృష్టికి? నువ్వు తప్ప ఇంకెవరు?

మాకు హాలిచ్చారు. అవునే, ఫంక్షన్ హాలు. కార్పెట్టు, ఏసీ, మైకు, గోడకి బ్యానర్. దాని మీద "సంగీత సాయంత్రం" అని పూల డిజైను మధ్యలో. అందరూ చేతులెత్తి ఒప్పుకున్నారు. లాయరు గారు కూడా ఎత్తాడు, పరుపు తడిపిన మహానుభావులు మేమేనని తెలిసి కూడా! "కళ కదండీ, పరుపుదేముంది" అన్నాడు. ఆ పరుపు నా మొహాన కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

వాయించాం. ఏమని చెప్పను? లిఫ్టమ్మ చేతులు శుభ్రంగా కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చింది. గిటారు శ్రుతి చేసుకొచ్చింది! నాకు కళ్ళు తిరిగాయి. ఫిజియో వాళ్ళ పేషెంట్లు ముందు వరసలో కూర్చున్నారు, వాడు వాళ్ళని చూసి "తడిబట్టలు దులపరాదు" అన్న లైనుని జోలపాటలాగా పాడాడు. ప్రతి పాటకీ చప్పట్లు. నోటీసులు పాటలయ్యాయని అందరికీ ముద్దొచ్చింది. ఒకావిడ వచ్చి మా చిన్నదాని పుట్టినరోజుకి కూడా వాయిస్తారా అని అడిగింది. మీ అన్నయ్య చివర్లో లేచి మాకు శాలువాలు కప్పాడు.

నా భుజం ఆ శాలువా కిందే మళ్ళీ పట్టేసింది.

తర్వాత రెండు వారాలు హాల్లో కలిశాం. కలిసి, కుర్చీలు సర్దుకుని, ఎవరి ఇంటి సంగతులు వాళ్ళు చెప్పుకుని వచ్చేశాం. మూడోవారం ఎవరూ రాలేదు. పంపు గదిలోకి వెళ్దామా అంటే, "హాలు ఉండగా అక్కడెందుకమ్మా" అంది లిఫ్టమ్మ. ఆమె తప్పు కాదు. వద్దన్నవాళ్ళు లేకపోతే దొంగతనంగా వెళ్ళడం ఎలాగే?

సంతోషమా? నీ స్లైడ్లలో ఇంకోటి చేర్చుకో. నాకు ఉత్తరం రాయకు.

వదిన


నా గదిలో, మన బ్యాండు రోజుల నుంచి విప్పని పెట్టెల మధ్య,
చలి మొదలైంది

వదినా,

రాయొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను. చెప్పింది వినే అలవాటు మనిద్దరికీ ఎప్పుడుందని?

అవును, నేనే చెప్పాను. అన్నయ్యకి నాలుగు పేజీలు రాశాను. నీ పెళ్ళాం డ్రమ్ములు ముట్టుకుంటే బతుకుతుంది, తాళం వేశావంటే నీతో మాట్లాడను అని. వాడు తాళం వెయ్యలేదు, నా మీద గౌరవంతో శాలువా కప్పాడు. వాడిని ఏమని తిట్టను? ఇంత చదివినదాన్ని, నీకు వాడి అనుమతి కావాలని ఎలా అనుకున్నానో నాకే అర్థం కావట్లేదు.

సభ అయిపోయింది. స్లైడ్లు పక్కన పెట్టి మీ మోటారు సంగతి చెప్పాను. ట్యాంకు నిండేలోపు పాట, నోటీసులే మాటలు, పరుపు మీద జలపాతం. ఫోన్లలోంచి తలలు లేచాయే! ఇన్నేళ్ళలో మొదటిసారి. వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచి, "ఆ గది ఎక్కడుంది మేడమ్?" అంది. పరీక్షకి వస్తుందా అని అడగలేదు. నేను "ఇప్పుడు హాలుకి మార్చారు" అన్నాను. ఆ పిల్ల "ఓహ్" అని కూర్చుంది. ఆ "ఓహ్" ఇంకా నా చెవిలోంచి పోవట్లేదు.

నీ మొదటి ఉత్తరం చదివినప్పుడు నవ్వానని రాశాను కదా. నవ్వలేదు. కుళ్ళుకున్నాను. వాదనలో నేనే గెలిచాను వదినా, పంక్ చచ్చింది, శవం మీద వేలిముద్రలు నావే. ఈ గెలుపు నాకొద్దు.

భుజం ఎలా ఉంది? జడ ఎవరు వేస్తున్నారు?

నీ ఆడపడుచు


పంపు గది, డబ్బా బోర్లించి దాని మీద రాస్తూ,
చలి ముదిరింది

నా తల్లీ, నా పీడా,

తిట్టడానికి తీరిక లేదు, గబగబా చెప్తా.

జడ మీ అన్నయ్యే వేస్తున్నాడు, ఈసారి నటన కాదు, చెయ్యి నిజంగానే లేవలేదు. మొన్న జడ వేస్తూ, "హాల్లో నువ్వు చాలా బాగా వాయించావు" అన్నాడు. నాకు కోపం కూడా రాలేదు. "థాంక్సండీ" అన్నాను.

దువ్వెన ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"థాంక్సండీ అన్నాను."

"నన్ను 'అండీ' అన్నావా?"

పెళ్ళిపీటల మీద కూడా నేను వాడిని "ఒరేయ్, జరుగు" అన్నదాన్ని కదా. వాడు ముందుకొచ్చి నా మొహంలోకి చూశాడు. దేన్నో పోగొట్టుకుని వెతుక్కుంటున్నట్టుంది వాడి మొహం. సగం వేసిన జడ వదిలేసి వెళ్ళి బాల్కనీలో నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

మర్నాడు పొద్దున నోటీసు బోర్డు దగ్గర జనం. మాట పొల్లుపోకుండా దింపుతున్నా, చదువు:

"హెచ్చరిక.
హాలు ఇక ఇవ్వబడదు.
పంపు గదిలోకి ఎవరూ పోరాదు.
పోయి గోల చేయరాదు.
గోల చేస్తూ దొరికిన యెడల చెవి పట్టి బయటికి లాగబడును, ప్రెసిడెంటు భార్య అయినా సరే.
నవ్వరాదు. ఏడవరాదు. ముసలివాళ్ళు కారాదు."

లాయరు గారు కళ్ళజోడు పైకి తోసుకుని, "చివరి లైను పొరపాటున పడిందా?" అని అడిగాడు. "లేదు" అన్నాడు మీ అన్నయ్య. "నియమం."

నేను ఆ బోర్డు ముందు నిలబడి గట్టిగా నవ్వాను. లిఫ్టమ్మ పరిగెత్తుకొచ్చి చదివింది. ఫిజియో పేషెంటుని మంచం మీదే వదిలేసి వచ్చి చదివాడు. చదువుతుంటే వాడి పెదాలు కదలడం చూశాను, అప్పటికే పాడేస్తున్నాడు.

పంపు గదికి కొత్త తాళం వేశాడు. మోటారు స్విచ్ కూడా గది బయటికి మార్పించాడు. సాయంత్రం నేను కాఫీ కలుపుకుంటుంటే, కప్పు పక్కన కొక్కేనికి కొత్త తాళంచెవి వేలాడుతోంది. మీ అన్నయ్య ముందు గదిలో పేపరు చదువుతున్నాడు. తలెత్తలేదు. నేనూ అడగలేదు.

దిగాం. వాయించాం. ట్యాంకు నిండగానే బయట స్విచ్ టక్కుమంది. మోటారు ఆగిపోయింది. మేం ఆగలేదు. అంత నిశ్శబ్దంలో మా గోల ఎలా ఉందనుకున్నావు? ఆ బ్లాకులూ ఈ బ్లాకులూ అన్నీ విన్నాయి. కిటికీలు తెరుచుకున్నాయి, తిట్లు మొదలయ్యాయి. లాయరు గారు పోలీసుల్ని పిలుస్తానన్నాడు. ఎంత హాయిగా ఉందో!

అంతలో తలుపు మీద దబదబా బాదుడు. "ఆపండి! ముందు బయటికి రండి!" మీ అన్నయ్య. ఆ గొంతు నేను ఎన్నాళ్ళకి విన్నానే! ఫిజియో తలుపుకి నోరు ఆనించి "ముసలివాళ్ళు కారాదు!" అని అరిచాడు. బయట్నుంచి తలుపుని తన్నాడు మీ అన్నయ్య. మోకాలి నొప్పి మనిషి, మళ్ళీ తన్నాడు. నేను ఏడుస్తూనే వాయిస్తున్నా. భుజం తల మీదికి లేచింది. పోనీ పాపం లోపలికి రానిద్దామని తలుపు తియ్యబోతే లిఫ్టమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా. సార్ బయట ఉంటేనే పాట బాగుంది."

నేను ఇంటికొచ్చేసరికి మీ అన్నయ్య పడక్కుర్చీలో మోకాలికి ఐసు పెట్టుకుని కూర్చున్నాడు. "రేపు కూడా వెళ్ళారో, చూడు మరి" అన్నాడు. "నోర్మూసుకోరా" అన్నాను. వాడి మొహం వెలిగిపోయింది. చెప్తే నీకు నవ్వొస్తుందేమో, మా కాపురంలో వాడు నన్ను ఇంతగా ప్రేమించిన రోజు నాకింకోటి గుర్తులేదు.

ఇంకో సంగతి. ఫిజియోకి రోగులు ఎక్కువయ్యారు, రోజూ రాలేనంటున్నాడు. గొంతు చించుకునే మనిషి ఒకరు కావాలి. బాగా పాడేవాళ్ళు అక్కర్లేదు.

వదిన


స్టేషన్లో, ప్లాట్‌ఫారం బెంచీ నుంచి,
బండి వచ్చేలోపు

వదినా,

సెలవు పెట్టాను. కారణం ఏం రాయాలో తోచక "గోల" అని రాశాను. ప్రిన్సిపాలు రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు.

నిన్న మేడ మీదికెక్కి, గొంతు ఉందో పోయిందో చూద్దామని ఒక్క అరుపు అరిచాను. పక్కింటాయన గోడ మీంచి తల పెట్టి, బుద్ధి లేదా, ఈ వయసులో సిగ్గు లేదా అని నోటికొచ్చినట్టు తిట్టాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వదినా. ఇరవయ్యేళ్ళుగా ఎవరూ నన్ను తిట్టలేదు. అందరూ మేడమ్ అనేవాళ్ళే.

ఈ ఉత్తరం అందేసరికి నేను మీ గేటు దగ్గరుంటాను. అన్నయ్యకి గట్టిగా చెప్పు, నన్ను లోపలికి రానివ్వొద్దని.

నీ ఆడపడుచు